చిన్న విమానాల్లో ఇంజన్ వైఫల్యం

ఒకే ఇంజన్ ఉన్న సొంత విమానమో శిక్షణ విమానమో గాలిలో ఉండగా ఆ ఇంజన్ పూర్తిగా ఆగిపోవడాన్ని, లేదా ఉన్న ఎత్తును నిలుపుకోలేనంతగా బలం కోల్పోవడాన్ని ఇంజన్ వైఫల్యం అంటారు. ఆ తరవాత పైలట్ దొరికిన చోట విమానాన్ని దించడానికి ఫోర్స్‌డ్ ల్యాండింగ్ అని పేరు. పొలం, బీచ్, హైవే, గోల్ఫ్ మైదానం, నడిసముద్రం: ఇలా దిగిన చోట్ల జాబితా పెద్దదే.

ఇంజన్ ఆగిన విమానం రాయిలా కింద పడుతుందని చాలామంది అనుకుంటారు. పడదు. విమానాన్ని మోసేవి రెక్కలు. ఇంజన్ దాన్ని ముందుకు లాగుతుంది, అంతే. లాగేది లేనప్పుడు ముక్కు కాస్త కిందికి వంచితే, పల్లంలో తొక్కకుండా పోయే సైకిల్ లాగా విమానం తన బరువుతోనే ముందుకు జారుతుంది. దీన్నే గ్లైడ్ అంటారు. ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ సంఖ్యలో తయారైన సెస్నా 172 ఒక అడుగు ఎత్తు కోల్పోయేలోగా సుమారు 9 అడుగులు ముందుకు పోగలదు. 1000 అడుగుల ఎత్తులో ఇంజన్ ఆగితే, గాలి లేని రోజున, దాదాపు 2.7 కిలోమీటర్ల లోపు ఎక్కడైనా దిగవచ్చు. అప్పుడు ఉండాల్సిన వేగం గంటకు సుమారు 120 కిలోమీటర్లు, దిగే వేగం నిమిషానికి 700 అడుగుల పైచిలుకు. 3000 అడుగుల మీద ఉన్నవాడికి నాలుగు నిమిషాలు, 500 అడుగుల మీద ఉన్నవాడికి ముప్పావు నిమిషం చేతిలో ఉన్నట్టు.

కాబట్టి మనుషుల ప్రాణాలు తీసేది చాలావరకు ఇంజన్ ఆగడం కాదు, ఆ తరవాత వేగం పోగొట్టుకోవడం. నేల దగ్గరపడే కొద్దీ ముక్కు పైకి ఎత్తాలనిపిస్తుంది. ఎత్తితే ఇంకొంత దూరం పోతామన్న ఆశ కలుగుతుంది. జరిగేది దానికి తారుమారు. వేగం తగ్గి, రెక్కల మీద గాలి సాఫీగా పారడం మాని చెదిరిపోతుంది. దీన్ని స్టాల్ అంటారు. అప్పుడు ఒక రెక్క ముందుగా వాలి, విమానం గిరికీలు కొడుతూ పడుతుంది. నేలకు దగ్గరలో ఇది జరిగితే సరిచేసుకునే వ్యవధి ఉండదు. అందుకే శిక్షణలో మొదట నూరిపోసేది వేగం. తరవాత దిగే చోటు. ఇంధనం మీట, మిశ్రమం, ఇగ్నిషన్ సరిచూడటం ఆ తరవాత. రేడియోలో చెప్పడం చిట్టచివర, ఎందుకంటే రేడియో విమానాన్ని మోయదు.

నేలను ఏ వేగంతో తాకామన్నదే బతుకును తేల్చేది. వేగం రెట్టింపైతే దెబ్బలోని శక్తి నాలుగు రెట్లవుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చిన విమానం మూడు మీటర్ల దూరంలో సమంగా నెమ్మదించి ఆగినా, లోపలి వాళ్ల మీద పడే బలం గురుత్వాకర్షణకు 9 రెట్లు మించదు. పాత తరం చిన్న విమానాల సీట్లూ పట్టీలూ ముందువైపు దెబ్బకు ఆ మాత్రం ఓర్చుకునేలా కట్టినవే. 160 కిలోమీటర్ల వేగమైతే అదే ఓర్పుకు పదకొండు మీటర్ల పైచిలుకు కావాలి. వేరే దారి లేనప్పుడు పైలట్‌కు రెండు చెట్ల మధ్య నుంచి దూరి రెక్కలను వాటికి వదిలేయమని చెప్పడం వినడానికి ఘోరంగా ఉంటుంది గానీ, లెక్క అదే. రెక్కలు విరిగితే విరిగాయి, ఆ విరగడంలో ఖర్చైన శక్తి కాక్‌పిట్‌లోకి రాదు.

లేచిన వెంటనే ఆగితే

అన్నిటికన్నా గడ్డు సమయం రన్‌వే విడిచిన మొదటి నిమిషం. ఎత్తు లేదు, వేగం అంతంత మాత్రం, ముక్కు పైకి ఉంటుంది. వెనకే కిలోమీటరు పొడుగు రన్‌వే ఉంది, ముందు ఇళ్లూ చెట్లూ ఉన్నాయి. మనసు వెనక్కే లాగుతుంది. అయితే 180 డిగ్రీలు తిరిగినవాడు రన్‌వే మీదికి రాడు, దాని పక్కన సమాంతరంగా తేలతాడు. ఇంకా కొంత తిరిగి, మళ్లీ ఎదురు దిశలో వంచుకొస్తే గానీ సూటికి రాడు. లేచేటప్పుడు ఎదురుగా ఉన్న గాలి ఇప్పుడు వెనక నుంచి తోస్తుంది. 45 డిగ్రీలు వాల్చి తిరిగితే విమానం స్టాల్ అయ్యే వేగం దాదాపు 19 శాతం పెరుగుతుంది, 60 డిగ్రీలు వాలిస్తే 41 శాతం. అంటే అంతకుముందు దాకా నిక్షేపంగా ఉన్న వేగమే ఈ మలుపులో చాలకుండా పోతుంది. అమెరికా పైలట్లు దీనికి అసాధ్యమైన మలుపు అని పేరుపెట్టారు. చాలినంత ఎత్తు ఉంటే సాధ్యమే. ఆ ఎత్తు ఎంతో నేల మీద ఉండగానే తేల్చుకోవాలి తప్ప ఇంజన్ ఆగాక లెక్కలు వేయడం కుదరదు.

ఆస్ట్రేలియా రవాణా భద్రతా సంస్థ ఈ విషయంలో ఒక వింతను బయటపెట్టింది. 2000 నుంచి 2010 వరకు ఆ దేశంలో ఒంటి ఇంజన్ విమానాలు లేచాక ఇంజన్ పూర్తిగా ఆగిన ఘటనలు 75 నమోదైతే, వాటిలో ఒక్కదానిలోనూ ఎవరూ చనిపోలేదు. ఇంజన్ సగం సగంగా బలం కోల్పోయిన ఘటనలు 242 ఉంటే, వాటిలో తొమ్మిది ప్రాణాంతకమయ్యాయి. పూర్తిగా ఆగిన ఇంజన్ పైలట్‌కు సందేహం మిగల్చదు, ఎదురుగా దొరికిన చోట దిగిపోతాడు. దగ్గుతూ, ఆగుతూ, మళ్లీ అందుకునే ఇంజన్ ఆశ పెడుతుంది. ఆ ఆశతో వెనక్కి తిరిగినవాళ్లే ఎక్కువగా దెబ్బతిన్నారు.

ఎందుకు ఆగుతుంది

ముక్కలైపోయిన పిస్టన్లూ విరిగిన క్రాంక్‌షాఫ్టులూ ఉంటాయి గానీ, చాలా కారణాలు వింటే ఇంతేనా అనిపించేంత చిన్నవి. మొదటిది ఇంధనం. ట్యాంకు ఖాళీ కావడం ఒకటి. ట్యాంకులో ఉన్నా అది ఇంజన్‌కు చేరకపోవడం మరొకటి. రెక్కలు పైన ఉండే సెస్నాల్లో ఇంధనం మీటను రెండు ట్యాంకుల నుంచీ ఒకేసారి తీసుకునేలా పెట్టవచ్చు. రెక్కలు కింద ఉండే పైపర్ విమానాల్లో కుడో ఎడమో ఒకటే తెరిచి ఉంటుంది, మధ్యమధ్య మార్చుకోవాలి. మార్చడం మరిచి, ఒక ట్యాంకు నిండా ఇంధనం ఉండగానే పొలంలో దిగినవాళ్లు ఉన్నారు. సగం ఖాళీ ట్యాంకులో రాత్రి పూట తేమ నీరుగా మారి అడుగున చేరుతుంది. అందుకే ఎగిరే ముందు ట్యాంకు అడుగు నుంచి కాస్త ఇంధనం గాజు గొట్టంలోకి దించి చూస్తారు. పిస్టన్ ఇంజన్లకు వాడే 100 ఎల్‌ఎల్ పెట్రోలుకు నీలం రంగు కలిపేది కూడా చూపుకు ఆనడానికే. జెట్ ఇంధనానికి ఆ రంగు ఉండదు. పెట్రోలు బండిలో డీజిల్ పోసినట్టు, పిస్టన్ విమానంలో పొరపాటున జెట్ ఇంధనం పోస్తే గొట్టాల్లో మిగిలిన పాత పెట్రోలుతో ఇంజన్ మామూలుగానే తిరిగి, లేచాక మొరాయిస్తుంది.

రెండోది మన ఎండలకు అలవాటుపడినవాళ్లు నమ్మలేనిది: కార్బురేటర్‌లో మంచు. మట్టి కుండలో నీళ్లు చల్లబడటం అందరం చూసిందే. పైకి ఊరిన నీరు ఆవిరవుతూ వేడిని లాగేసుకుంటుంది. కార్బురేటర్ ఇరుకు గొంతులో పెట్రోలు ఆవిరయ్యేటప్పుడూ ఇదే జరుగుతుంది. అక్కడ ఉష్ణోగ్రత 20, 30 డిగ్రీల మేర పడిపోవచ్చు. బయట 20 డిగ్రీల హాయైన తేమ వాతావరణం ఉన్న రోజున లోపల మంచు గడ్డకట్టి గాలి దారి మూసేస్తుంది. దీనికి విరుగుడు కాక్‌పిట్‌లోనే ఒక మీటగా ఉంటుంది. లాగితే వేడి గాలి లోపలికి వస్తుంది. సకాలంలో లాగాలి, ఎందుకంటే ఆగిన ఇంజన్‌లో వేడి మిగలదు. దర్యాప్తు చేసేవాళ్లకు ఇదొక తలనొప్పి. వాళ్లు వచ్చేసరికి సాక్ష్యం కరిగి నీరైపోయి ఉంటుంది.

ఇగ్నిషన్ విషయంలో మాత్రం ఇంజన్ తయారుచేసినవాళ్లు ముందుజాగ్రత్తపడ్డారు. ప్రతి సిలిండర్‌కూ రెండు స్పార్క్ ప్లగ్గులు, ఇంజన్‌కు బ్యాటరీతో పనిలేకుండా వాటికి కరెంటు అందించే రెండు మాగ్నెటోలు. ఒకటి పోయినా రెండోది నడిపిస్తుంది. బ్యాటరీ చచ్చినా ఇంజన్ ఆగదు. ఆయిల్‌కు ఇలాంటి జంట లేదు. అది కారిపోతే కొద్ది నిమిషాల్లో లోహం లోహాన్ని కొరుకుతుంది. 2010 మార్చి 15న అమెరికాలోని సౌత్ కరోలినా తీరాన ఒక ల్యాన్‌కేర్ విమానానికి ఆయిల్ కారి ముందు అద్దమంతా కమ్మేసింది, ప్రొపెల్లర్ ఊడిపోయింది. పైలట్ హిల్టన్ హెడ్ దీవి బీచ్ మీద దించాడు. విమానంలోని ఇద్దరికీ ఏమీ కాలేదు. బీచ్ మీద చెవుల్లో ఇయర్‌ఫోన్లతో పరుగెడుతున్న ఒక వ్యక్తి చనిపోయాడు. అద్దం మూసుకుపోయి పైలట్ అతన్ని చూడలేదు. ఇంజన్ లేని విమానం చప్పుడు చేయదు, అతనూ వినలేదు.

సొంత విమానాల ఇంజన్లకు ఇంకో జబ్బు వాడకపోవడం. లైకమింగ్ వంటి ఇంజన్లకు సాధారణంగా 2000 గంటలు తిరిగాక పూర్తిగా విప్పి బాగుచేయాలన్న లెక్క ఉంది. శిక్షణ సంస్థలో రోజూ ఎగిరే విమానం ఆ గంటలు కొద్ది ఏళ్లలోనే దాటేస్తుంది. షెడ్డులో నెలల తరబడి కదలని విమానం గంటలు పెరగకుండానే లోపల తుప్పు పడుతుంది. ఏళ్లుగా ఆడని బావి మోటారును నమ్మి నారు పోయని రైతుకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఒక ఇంజన్ మేలా, రెండా

ఛార్లెస్ లిండ్‌బర్గ్ 1927 మేలో న్యూయార్క్ నుంచి పారిస్‌కు 33 గంటలకు పైగా ఒంటరిగా ఎగిరింది ఒంటి ఇంజన్ విమానంలో. మూడు ఇంజన్లుంటే ఆగిపోయే అవకాశం మూడు రెట్లవుతుందని అతని వాదన. ఆనాటి యంత్రాలకు అది తర్కమే. అంతకుముందే పారాచూట్‌తో నాలుగుసార్లు దూకి బతికినవాడు అతను. ఆ నాలుగింటిలో రెండు ఇంధనం అయిపోయి దూకినవే. 1932 అక్టోబర్ 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి అహ్మదాబాద్ మీదుగా బొంబాయికి టపా తెచ్చిన పుస్ మాత్ కూడా ఒంటి ఇంజన్‌దే. రెండు ఇంజన్లున్న చిన్న విమానంలో ఒకటి ఆగితే రెండోది విమానాన్ని ఒక పక్కకు తిప్పేస్తుంది. ఆ తిప్పుడును కాళ్లతో కాచుకోలేని తక్కువ వేగంలో రెండో ఇంజనే ముప్పు తెస్తుంది.

ఇంకో దారి మొత్తం విమానానికే పారాచూట్ కట్టడం. 1998లో అమెరికాలో ధ్రువీకరణ పొందిన సిరస్ ఎస్‌ఆర్20తో ఇది మామూలు అమరికగా వచ్చింది. పైకప్పులోని ఎర్ర పిడి లాగితే చిన్న రాకెట్ పారాచూట్‌ను బయటికి లాగుతుంది. 2015 జనవరి 25న కాలిఫోర్నియా నుంచి హవాయికి పోతున్న ఒక సిరస్‌లో అదనపు ట్యాంకులోని ఇంధనం ఇంజన్‌కు అందలేదు. మావీ దీవికి 400 కిలోమీటర్ల దూరంలో పైలట్ పిడి లాగాడు. కోస్ట్ గార్డ్ విమానం పైనుంచి వీడియో తీస్తుండగానే విమానం పారాచూట్ కింద వేలాడుతూ సముద్రంలో వాలింది. పైలట్ రబ్బరు తెప్పలోకి ఎక్కాడు, దగ్గరలోని వీన్‌డామ్ అనే పర్యాటక నౌక అతన్ని ఎక్కించుకుంది.

తెలుగు నేల

తెలుగువాళ్లకు చిన్న విమానమనగానే తలపుకొచ్చేది సినీ నటి సౌందర్య. 2004 ఏప్రిల్ 17న బెంగళూరు జక్కూరు నుంచి కరీంనగర్ ఎన్నికల ప్రచారానికి బయల్దేరిన సెస్నా 180 లేచిన కాసేపటికే కూలి, ఆమెతో సహా నలుగురు పోయారు. అయితే చిన్న విమానం కూలిన ప్రతిసారీ ఇంజన్ ఆగిందనుకోవడం తప్పు. 1980 జూన్ 23న ఢిల్లీలో సంజయ్ గాంధీ పోయింది పిట్స్ విమానంలో విన్యాసాలు చేస్తుండగా. మన దేశంలో ఇలాంటి ప్రమాదాలను ఒకప్పుడు పౌర విమానయాన డైరెక్టరేటే విచారించేది. 2012లో దర్యాప్తుకు విడిగా ఒక బ్యూరో ఏర్పడింది.

బేగంపేట నుంచి, నాగార్జునసాగర్ నుంచి శిక్షణ విమానాలు ఎగురుతుంటాయి. ఇక్కడ ఇంజన్ ఆగితే పైలట్‌కు కింద కనిపించేది అమెరికా పుస్తకాల్లోని విశాలమైన గోధుమ పొలం కాదు. పచ్చగా, చదునుగా ఊరించే వరి మడి నిజానికి బురద. ముందు చక్రం దిగబడితే విమానం పల్టీ కొడుతుంది. కోసిన చేలో గట్లు అడ్డం. తెలంగాణ పక్క బండరాళ్లు. వేసవిలో ఎండిన చెరువు అడుగు మేలైన చోటే. అన్నిటికన్నా మోసం చేసేవి కరెంటు తీగలు. పైనుంచి తీగ కనబడదు. స్తంభాల వరుస చూసి, మధ్యలో తీగ ఉంటుందని ఊహించుకోవాల్సిందే.

ఇద్దరు ప్రసిద్ధులు, రెండు చిన్న వస్తువులు

గాయకుడు జాన్ డెన్వర్ అనుభవం ఉన్న పైలట్. బర్ట్ రూటన్ రూపకల్పన చేసిన లాంగ్ ఈజీ అనే విమానాన్ని కొత్తగా కొన్నాడు. ఇది ఔత్సాహికులు నక్షా చూసి ఇంట్లో కట్టుకునే రకం. డెన్వర్ కొన్నదాన్ని కట్టిన మనిషి, ఇంధనం గొట్టాలు కాక్‌పిట్‌లోకి రావడం ఇష్టంలేక, ఇంధనం మీటను నక్షాలో ఉన్నట్టు పైలట్ ముందు కాకుండా అతని ఎడమ భుజం వెనక పెట్టాడు. మీట ఏ వైపు తిప్పితే ఏ ట్యాంకో గుర్తు లేదు. ఇంధనం ఎంతుందో చూపే గొట్టాలు కూడా వెనకే ఉన్నాయి. 1997 అక్టోబర్ 12న మాంటెరే విమానాశ్రయంలో సాంకేతిక సిబ్బందిలో ఒకతను వాటిని చూసుకోవడానికి అద్దం ముక్క ఇచ్చాడు. ఇంధనం పోయించుకోమంటే డెన్వర్ అక్కర్లేదన్నాడు. కొన్ని ల్యాండింగులు సాధన చేసి సముద్రం వైపు వెళ్లాడు. సాయంత్రం అయిదున్నర ప్రాంతంలో పసిఫిక్ గ్రోవ్ తీరానికి కూతవేటు దూరంలో విమానం నీళ్లలో పడింది. ఆయనకు 53 ఏళ్లు.

అమెరికా జాతీయ రవాణా భద్రతా బోర్డు అలాంటి విమానంలో కూర్చుని ప్రయత్నించి చూసింది. మీటను అందుకోవాలంటే కుడిచేత్తో పట్టుకున్న కంట్రోల్ వదిలి, ఒంటిని ఎడమకు మెలితిప్పాలి. అలా తిరిగేటప్పుడు ఊతం కోసం కుడికాలు తనకు తానే పెడల్‌ను నొక్కుతుంది. కుడి చుక్కాని తిరుగుతుంది. మీట తిప్పబోయి డెన్వర్ విమానం మీద అదుపు కోల్పోయాడని బోర్డు తేల్చింది. మీట స్థానాన్ని మార్చడాన్నీ, బయల్దేరేముందు ఇంధనం విషయంలో సరైన తయారీ లేకపోవడాన్నీ తోడు కారణాలుగా రాసింది. నా మటుకు తీర్పు ఇంకా కటువుగా ఉండాల్సింది. నిప్పుకు భయపడి చేసిన మార్పు అది. మంచి ఉద్దేశంతోనే ప్రమాదాన్ని ఒక చోటి నుంచి తీసి ఇంకో చోట పెట్టింది.

నటుడు హారిసన్ ఫోర్డ్‌ది 2015 మార్చి 5 నాటి మాట. అప్పుడు ఆయన వయసు 72. ఆయన నడిపిన రయన్ పీటీ 22ది కూడా దాదాపు అదే వయసు, 1942లో సైనిక పైలట్ల శిక్షణ కోసం తయారైనది. అయిదు సిలిండర్ల కిన్నర్ ఇంజన్, తెరిచి ఉండే కాక్‌పిట్. మధ్యాహ్నం రెండు దాటాక కాలిఫోర్నియాలోని శాంటా మోనికా నుంచి ఒంటరిగా లేచాడు. సుమారు 1100 అడుగుల దగ్గర ఇంజన్ బలం కోల్పోయింది. వెనక్కి వస్తున్నానని టవర్‌కు చెప్పి ఎడమకు తిరిగాడు. రన్‌వే అందదని కాసేపట్లోనే గ్రహించాడు. అక్కడే చాలామంది పైలట్లు ముక్కు ఎత్తి పోతారు. ఆయన ఆ పని చేయలేదు. చుట్టూ ఇళ్లున్న ఆ పేటలో ఖాళీగా ఉన్నది పెన్‌మార్ గోల్ఫ్ మైదానం ఒక్కటే, అటు తిప్పాడు. దాదాపు 65 అడుగుల చెట్టు కొన తగిలి విమానం నేలను గుద్దుకుంది. మైదానంలో ఆడుకుంటున్న వాళ్లలో వైద్యులుండటం ఆయన అదృష్టం. తలకూ కటి ఎముకకూ చీలమండకూ దెబ్బలు తగిలాయి. కింద ఎవరికీ ఏమీ కాలేదు.

ఇలాంటి చిన్న విమానాల్లో బ్లాక్‌బాక్స్ ఉండదు. ప్రొపెల్లర్ రెక్క ఎలా వంగిందో, దాని మీద గీతలు ఏ దిక్కుకున్నాయో చూసి నేల తాకేటప్పటికి ఇంజన్ తిరుగుతోందో లేదో చెబుతారు. ఆ పైన ఒక్కో భాగం విప్పి చూడటమే. ఫోర్డ్ విమానంలో దొరికింది కార్బురేటర్ లోపలి జెట్ అనే చిన్న మరచుట్ల ముక్క. ఎంత పెట్రోలు పోవాలో కొలిచి వదిలేది అదే. కాలక్రమేణా వదులై, తన గూటి నుంచి ఊడి, 90 డిగ్రీలు పక్కకు తిరిగి పడి ఉంది. కొలత లేకుండా పెట్రోలు పారి, మిశ్రమం మరీ చిక్కనై, ఇంజన్ ఊపిరాడక చతికిలబడింది. ఆ కార్బురేటర్‌ను ప్రమాదానికి సుమారు 17 ఏళ్ల ముందు విమానాన్ని పునరుద్ధరించినప్పుడు విప్పి కట్టారు. జెట్ బిగువును మధ్యమధ్య చూడాలని నిర్వహణ సూచనల్లో ఎక్కడా లేదు. 2015 ఆగస్టులో వచ్చిన నివేదికలో బోర్డు ఇంకొకటి కూడా రాసింది: భుజం పట్టీని సీటు వెనక ఏ బలపరుపూ లేని పల్చటి అల్యూమినియం రేకుకు బిగించారు, దెబ్బకు అది ఊడొచ్చి ఆయన గాయాలను పెంచింది.